ఈ ఇంగ్లీషు పాటల అమ్మాయిలంతా నాకు ఒకేలా ఎందుకు వినిపిస్తున్నారు?

చిత్తూరు_రోడ్డు:
మా చెల్లెలు తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రెండు వారాలకోసారి నేనే కార్లో ఇంటికి తీసుకొచ్చి మళ్లీ దింపుతాను. 70 కిలోమీటర్ల దారి, పైగా కారెక్కగానే తన ఫోన్ బ్లూటూత్‌కి కలిపేస్తుంది. టేలర్ స్విఫ్ట్, గ్రేసీ ఏబ్రమ్స్, ఒలీవియా రోడ్రిగో, ఫీబీ బ్రిడ్జర్స్, క్లైరో, ఇవే పేర్లు. పూతలపట్టు దాటేసరికి ఎవరి పాట అయిపోయిందో, ఎవరిది మొదలైందో నాకు తెలియడం లేదు. అందరిదీ ఒకటే మెల్లని గొంతు, ఒకటే గిటారు, వదిలేసి పోయినవాడి మీద ఒకటే కోపం. మొన్న ఆ మాటే అన్నాను, "అన్నా, నువ్వు అసలు వినడం లేదు" అని చంద్రగిరి వచ్చేదాకా మాట్లాడలేదు. ఎగతాళికి అడగడం లేదు. తనకి అంత ఇష్టమైనవి నాకు పట్టుబడడం లేదని బాధగా ఉంది. నిజంగా తేడా ఉందా? ఉంటే ఎక్కడ వినాలి?

పాకాల_జంక్షన్:
బ్రదర్, నీ చెవి తప్పేమీ కాదు. ఆ గొంతులు వేరువేరే గానీ వెనక పాటని కట్టి రికార్డు చేసే ప్రొడ్యూసర్ల చేతులు చాలావరకు ఇద్దరు ముగ్గురివే. టేలర్ 2020లో తెచ్చిన ఫోక్‌లోర్ ఆల్బమ్‌లో ఎక్కువ పాటలకి ఆరన్ డెస్నర్ అనే ఆయన పనిచేశాడు. గ్రేసీ 2023 ఆల్బమ్ గుడ్ రిడెన్స్‌కీ ఆయనే. ఇంకొకాయన జాక్ ఆంటనాఫ్. టేలర్‌తో ఏళ్ల తరబడి చేశాడు, లార్డ్ అనే గాయని 2017 ఆల్బమ్, లానా డెల్ రే 2019 ఆల్బమ్, క్లైరో 2021 ఆల్బమ్, అన్నిట్లో ఆయన చెయ్యి ఉంది. కూర ఏదైనా తాళింపు ఒకే మనిషి వేస్తే వాసన కలుస్తుంది కదా, అంతే ఇది.

ఇంకో సంగతి, కార్లో వినడం మానెయ్. ఈ పాటలు చాలావరకు మైకు నోటికి ఆనించుకున్నట్టు పాడతారు. లారీల మోతకి, ఏసీ హోరుకి ఆ సన్న తేడాలన్నీ పోయి మిగిలేది గిటారు చప్పుడే. రాత్రి డాబా మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒలీవియా 'డ్రైవర్స్ లైసెన్స్' మొదటి పది సెకన్లు విను. కారు తలుపు తీసి ఉంటే టింగ్ టింగ్ అంటుందే, ఆ చప్పుడుతో మొదలవుతుంది, అదే మెల్లగా పియానో మెట్టులోకి మారిపోతుంది. రోజూ కారు నడిపేవాడివి, ఆ చప్పుడు నీకే బాగా తెలియాలి.

అలిపిరి_మెట్లు:
పాకాల బ్రదర్ చెప్పింది సగమే. వయసులు చూడండి. టేలర్ 1989లో పుట్టింది, గ్రేసీ 1999, ఒలీవియా 2003. టేలర్ రెండో ఆల్బమ్ ఫియర్‌లెస్ 2008లో వచ్చినప్పుడు ఒలీవియాకి ఐదేళ్లు. చిన్నప్పటి నుంచీ ఆమె పాటలు వింటూ పెరిగిన పిల్లలు ఆమెలాగే రాస్తే అందులో వింత లేదు. ఒలీవియా తన మొదటి ఆల్బమ్‌లో ఒక పాటని టేలర్ పాత పాట మీదే కట్టి, రాసినవాళ్లలో టేలర్ పేరు కూడా వేసింది. దాచుకున్నదేమీ లేదు.

కానీ అన్నా, ఒక మాట అడుగుతాను. గిటారు పట్టుకుని మెల్లగా ఏడుస్తూ పాడే మగవాళ్లు ఎంతమంది లేరు? ఎడ్ షీరన్, లూయిస్ కపాల్డీ, జేమ్స్ బే. వాళ్లంతా ఒకేలా ఉన్నారని ఎవరూ అడగరు. అమ్మాయిలు మనసులో మాట రాస్తే మాత్రం "అదే గోల" అంటారు. టేలర్ పాటలు ఆమె రాయడం లేదు, పక్కవాళ్లు రాసిస్తున్నారు అని జనం అన్నందుకే 2010లో స్పీక్ నౌ ఆల్బమ్‌లో 14 పాటలూ ఎవరి సాయం లేకుండా ఒక్కతే రాసింది, అప్పటికి ఆమెకి ఇరవై. మీ చెల్లెలు మాట్లాడకపోవడంలో తప్పేమీ లేదు, తన డైరీని ఎవరో విసిరేసినట్టు అనిపించి ఉంటుంది.

కోనేటి_గట్టు:
నాకు నలభై దాటాయి, మా రోజుల్లోనూ ఇదే తంతు. 2007లో సారా బరెలిస్, కోల్బీ కయె, ఇంగ్రిడ్ మైకెల్సన్ ముగ్గురూ ఒకేసారి వచ్చారు. స్నేహితుడు ఎంపీత్రీ సీడీలో అందరివీ కలిపేసి ఇస్తే ఎవరు ఎవరో తెలియక ఆరు నెలలు తిరిగాను. తర్వాత ఒక్కొక్కరిదీ విడిగా విన్నాక తెలిసింది. సారా పియానో మనిషి, గొంతు గట్టిగా పైకి లేస్తుంది, మాటలో పొగరు ఉంటుంది. హిట్ పాట కావాలని కంపెనీ వాళ్లు వెంటపడితే ఆ విసుగుతోనే రాసిన పాట ఆమెకి పేరు తెచ్చింది. కోల్బీది సముద్రం ఒడ్డున పడుకుని పాడినట్టు ఉంటుంది, తొందరే లేదు.

మన తిరుపతి వాళ్లకి ఇది కొత్త లెక్క కాదు. పాట చివర ముద్ర చూసి ఎవరిదో చెప్పేస్తాం కదా. వేంకటేశ అని వస్తే అన్నమయ్య, తరిగొండ నృసింహుడి పేరు వస్తే వెంగమాంబ. సొంతంగా రాసుకున్న ఆడమనిషి మన జిల్లాలోనే రెండు వందల ఏళ్ల కిందట ఉంది, ఇప్పటికీ కొండ మీద ఏకాంత సేవలో ఆమె ముత్యాల హారతి ఉంది. ఈ ఇంగ్లీషు పాటల అమ్మాయిలు పేరు వేసుకోరు గానీ ఒక్కొక్కరికీ ముద్ర లాంటిది ఒకటి ఉంటుంది. టేలర్‌కి రెండో చరణం అయ్యాక పాట దారి మారే ముక్క ఉంటుంది, అంతవరకు దాచిపెట్టిన అసలు మాట అక్కడ బయటపెడుతుంది. ఒలీవియా మెల్లగా మొదలుపెట్టి అరుపులోకి వెళ్తుంది. గ్రేసీ వాక్యం చివర గొంతు వదిలేస్తుంది, ఆఖరి అక్షరం ఊపిరైపోతుంది. ముందు ఇవి పట్టుకో బాబూ, మాటలు తర్వాత.

పాకాల_జంక్షన్:
పెద్దాయన చెప్పింది కరెక్ట్. ఇంకో తేలిక దారి ఉంది. ఫీబీ బ్రిడ్జర్స్, జూలియన్ బేకర్, లూసీ డేకస్ ముగ్గురూ కలిసి బాయ్‌జీనియస్ అనే బ్యాండ్ పెట్టారు, 2023 ఆల్బమ్‌కి తర్వాతి సంవత్సరం మూడు గ్రామీ అవార్డులు వచ్చాయి. విడిగా వింటే ముగ్గురూ ఒకటే అనిపించేవాళ్లు. ఒకే పాటలో ఒకరి తర్వాత ఒకరు పాడితే వేరు తెలిసిపోతుంది, లూసీది కింది గొంతు, వెచ్చగా ఉంటుంది. అక్కడ మొదలుపెట్టు.

చిత్తూరు_రోడ్డు:
అందరికీ థాంక్స్. అలిపిరి గారూ, మీరన్నది తగిలింది, చెల్లెలికి సారీ చెప్పాను. నిన్న రాత్రి డాబా మీద ఇయర్‌ఫోన్స్‌తో విన్నాను. కారు తలుపు చప్పుడు దొరికింది, మూడుసార్లు వెనక్కి వేసుకుని విన్నా. గ్రేసీ ఊపిరి కూడా పట్టుకున్నాను, ఒక పాటలో గుక్క తీసుకోవడం కూడా వినపడింది. క్లైరో, ఫీబీ మాత్రం ఇంకా కలిసిపోతున్నారు. వచ్చే శనివారం తనని తీసుకురావాలి. రేణిగుంటలో ఒక పని ఉంది కాబట్టి దారి ఇంకో అరగంట ఎక్కువే, అప్పటికి ఫీబీది ఏ ఆల్బమ్ ముందు వినమంటారు?

అలిపిరి_మెట్లు:
2020లో వచ్చిన పనిషర్. కానీ మీరు పెట్టకండి, తననే పెట్టమని అడగండి.