హేజెల్‌నట్ మొక్కలు: విత్తనంతోనా, అంట్లతోనా?

ప్రశ్న: వాణిజ్య తోట కోసం హేజెల్‌నట్ మొక్కలను స్వయంగా పెంచాలనుకుంటున్నాను. విత్తనాలు నాటడం మేలా, అంట్లు కట్టడం మేలా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

మొదటి సమాధానం: విత్తనాల జోలికి వెళ్లకండి, అంట్లే మేలు. ఈ చెట్టుకు వేరొక రకం పుప్పొడి తప్పనిసరి కాబట్టి విత్తనపు మొక్కలో తల్లి గుణాలు యథాతథంగా రావు. కొమ్మ ముక్కలు కూడా సులభంగా వేరు పట్టవు. తల్లి చెట్టు మొదట్లో వచ్చిన పిలకలు వేసవి ఆరంభంలో మోకాలి ఎత్తు దాటగానే, అడుగున జానెడు మేర ఆకులు తుంచి, మొదలు వద్ద సన్నని లోహపు తీగ బిగించి, దానికి కాస్త పైన వేళ్లు పుట్టించే ఐబీఏ హార్మోను పూసి, తడి రంపపు పొట్టుతో కప్పండి. కాండం లావెక్కే కొద్దీ తీగ బిగుసుకుని, సరిగ్గా దానికి పైభాగంలోనే తెల్లని వేళ్లు గుత్తులుగా పుడతాయి. ఆకులు రాలాక తీగ కింద కోసి వేరు చేయవచ్చు. పొట్టు ఆరిపోతే శ్రమంతా వృథా అవుతుంది. ఒక ఏడాది నేను అలాగే నష్టపోయాను.

రెండవ సమాధానం: పద్ధతి సరైనదే, కానీ తల్లి చెట్టు ఆరోగ్యం అంతకన్నా ముఖ్యం. ఉత్తర అమెరికాలో కనిపించే ఈస్టర్న్ ఫిల్బర్ట్ బ్లైట్ అనే శిలీంధ్ర తెగులు హేజెల్‌నట్ చెట్టుకు సోకిన ఏడాది దాటాక గానీ కొమ్మపై నల్లని బొడిపెలు వరుసగా తేలవు. కనుక పైకి పచ్చగా ఉన్నంత మాత్రాన నమ్మి పిలకలు తీయకండి.