‘సౌధంబు దాపల’: ఎడమ వైపా, దగ్గరగానా?

— తెలుగు కొత్తగా నేర్చుకునేవారికి పదాలను కుటుంబాలుగా చెబుతుంటాను. ‘చే’ తెలిస్తే చేదోడు, చేవ్రాలు, చేజారు కలిసి వస్తాయి. విడివిడిగా బట్టీ పట్టినవాటికన్నా బాగా నిలుస్తాయి. ‘దా’ దగ్గర ఆగిపోయాను. పోతన గజేంద్రమోక్షంలోని ‘అల వైకుంఠపురంబులో’ పద్యంలో ‘ఆ మూల సౌధంబు’ తరువాత వచ్చేది దాపునా, దాపలా? ‘దగ్గర’ అని అర్థం చెప్పవచ్చా?

— దాపలే. పాదం ‘దా’ మీద విరిగి, తరువాతిది ‘పల మందార’ అని మొదలవుతుంది. నాలుగు పాదాల మొదళ్లు అల, పల, త్పల, హ్వల: ప్రాస లకారం. ‘దాపున’ అంటే ప్రాస పోతుంది. అర్థం ఎడమ. దున్నేవారి నోట వలపటి (కుడి) ఎద్దు, దాపటి (ఎడమ) ఎద్దు వినలేదా?

— ప్రాస సరే, అర్థాన్ని అంత తేలికగా వదలను. దాపు అంటే చేరువ. సౌధానికి చేరువలో మందారవనం చక్కగా కుదురుతుంది. ఎడమా కుడీ చెప్పవలసిన అవసరం పోతనకు ఏమిటి? దాపు, దాపల జంటగా చెబితే నేర్చుకునేవారు మరిచిపోరు కూడా.

— మరిచిపోరనేదే నా భయం. అలా నాటుకుంటే రేపు ‘దాకేలు’, అంటే ఎడమ చేయి, కనిపించినప్పుడు ‘దగ్గరి చేయి’ అనుకుంటారు. లోపల, వెలుపల పక్కన వలపల, దాపల పెట్టి చూడండి, అన్నీ ఏ వైపో చెప్పేవే. ‘వల’కు తమిళంలో ‘వలం’, కన్నడంలో ‘బల’ ఉన్నాయి, అన్నీ కుడివైపే. ఇక పోతన ఎడమ ఎందుకన్నాడంటే, ఆ పద్యం నడకే అది: పురం, నగరి, సౌధం, వనం, సరస్సు, చంద్రకాంతశిల, కలువల పాన్పు. చేయి పట్టి తీసుకెళ్తున్నవాడు మలుపు చెప్పడా?

— ఆ వరుసలో ‘మూల’ను వదిలేశారు. అది ‘మూలసౌధం’, ప్రధాన భవనం. సంస్కృత ‘మూలం’ వేరు, ఇంటి మూల వేరు; ఇంటి మూల తమిళ ‘మూలై’కి చుట్టం. వైకుంఠంలో స్వామిని ఒక మూలకు నెట్టడం నాకు సమ్మతం కాదు.

— ‘ఆ మూల’ అని విడదీయాలో లేదో యతి తేల్చదు. పాదంలో ఉన్నది ‘నగరిలో నా మూల’; యతి ‘అల’లోని అకారానికీ ఆ ‘నా’లోని ‘ఆ’కూ. ‘నా’లోని నకారం ‘నగరిలోన్’ నుంచి వచ్చింది. యతి అంతవరకే చెబుతుంది, విరుపు చెప్పదు. ‘అల’ అని వేలెత్తి చూపినవాడు ‘ఆ మూల’ అనే అంటాడు.

— ‘కుయ్యాలించి’ని ఎవరూ తలవలేదే! కూయు, కూత, కుయ్యి, కూతవేటు: దాపల కన్నా ముందు ఇవి చెప్పండి. కుయ్యి, అంటే మొర, ఏనుగుది; ఆలించడం స్వామిది. ఆ రెంటి మధ్య ఎడం లేకుండా సంధి కలిపేశాడు పోతన. ఆ ఒక్క మాటకు ఆయనకు దండం పెట్టాలి.

— అవి తప్పక చెబుతాను. ‘దాపల’ పక్కన మాత్రం ఏమి రాయమంటారు?

— ఎడమ.

— మూలసౌధం తేలేదాకా ఆగండి. ప్రధాన భవనమైతే దానికి ముఖద్వారం ఉంటుంది, ఎడమ కుదురుతుంది. మూలన ఉన్నదైతే ఎడమ ఎవరికి? చూసేవారికా, లోపలున్న స్వామికా?