కావలి నుంచి నెల్లూరుకు రోజూ రీమ్యాప్ చేసిన ఆక్టేవియాలో: కొనొచ్చా?

ప్రశ్న (కావలి)

అన్నలందరికీ నమస్కారం. ఇల్లు కావలిలో, ఉద్యోగం నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో. రానుపోను రోజుకు 110 కిలోమీటర్లు పైనే. ఇన్నాళ్లూ రైలుకు తిరిగాను, ఇక కారు కొందామనుకుంటున్నా. చెన్నైలో ఒకాయన 2018 మోడల్ స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ అమ్ముతున్నాడు. డీఎస్‌జీ గేర్లు, అంటే క్లచ్ పెడల్ లేకుండా తనంతట తానే మారేవి. కంపెనీ ఇచ్చిన పవర్ 180 హార్స్‌పవర్. ఆయన స్టేజ్ 2 రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ రాత మార్చడం) చేయించి, క్యాట్ (పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) తీసేసి డౌన్‌పైప్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టం) వేసి, ఓపెన్ ఫిల్టర్ (డబ్బా లేని ఎయిర్ ఫిల్టర్), కారును కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు, 19 అంగుళాల అల్లాయ్‌లు పెట్టించాడు. ఇప్పుడు 250 దాకా వస్తుందంటున్నాడు. ఇంటర్ చదివేటప్పటి నుంచి ఈ కారంటే నాకు ప్రాణం. ఆదివారం అమ్మను కూడా ఇందులోనే తిప్పాలి, ఆమెకు మోకాళ్ల నొప్పులు. రోజువారీ వాడకానికి ఇది తట్టుకుంటుందా? నేను తట్టుకుంటానా?

జవాబు (ఒంగోలు)

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ చక్రాలు తీసేయించు. మామూలు 16 అంగుళాల 205/55 ఆర్16 టైరుకు రిమ్ము నుంచి నేల దాకా 113 మిల్లీమీటర్ల గోడ ఉంటుంది. 19 అంగుళాల 225/35 ఆర్19కి ఉండేది 79. మొత్తం చక్రం ఎత్తు దాదాపు అంతే, మధ్యలో 34 మిల్లీమీటర్ల గాలి మెత్త మాయమైనట్టు. గుంతలో పడినప్పుడు రిమ్మును కాపాడేది ఆ మెత్తే. మా ఒంగోలు, చీమకుర్తి రోడ్డు సంగతి నీకు తెలుసుగా, గ్రానైట్ లారీలు రాత్రీ పగలూ తిరుగుతాయి. ఒకే నెలలో నాకు రెండు రిమ్ములు సొట్టపోయాయి, ఒక టైరు గోడ ఉబ్బి కోడిగుడ్డంత బుడగ లేచింది. ఆ బుడగతో నూరు మీద పోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

జవాబు (నెల్లూరు, వేదాయపాళెం)

తమ్ముడూ, ఇట్టాంటి బండినే నేను నాలుగేళ్లు రోజూ ఆఫీసుకు తిప్పాను. కాబట్టి వద్దు అని ఒక్క మాటతో కొట్టిపారేయలేను. తిప్పొచ్చు. కాకపోతే నువ్వు భయపడాల్సింది హైవే మీది యాభై కిలోమీటర్లకు కాదు, పెన్నా దాటి ఊళ్లోకొచ్చాక ఉండే ఆ ఐదారు కిలోమీటర్లకు.

హైవేలో కారుకు పరిమితి 100. ఆ వేగంలో ఏడో గేరు పడి ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం చుట్టుపక్కల హాయిగా తిరుగుతుంది. ఎదురుగాలికి రేడియేటర్, ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లార్చేది) చల్లగా ఉంటాయి. 250 హార్స్‌పవర్ ఉన్నా అప్పుడు ఖర్చయ్యేది అందులో పిసరంత.

ఊళ్లోకొస్తే అంతా తలకిందులే. ఆ 1.8లో ఉన్నది ఏడు గేర్ల డీక్యూ200 అనే డీఎస్‌జీ, దానిది డ్రై క్లచ్. నూనెలో మునిగి ఉండదు, గాలికే ఆరాలి. 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వరకే దాన్ని తయారు చేశారు. అందుకే ఈ ఇంజిన్ టార్క్‌ను కంపెనీ సరిగ్గా 250 దగ్గర ఆపింది. యూరప్‌లో ఇదే ఇంజిన్‌కు నూనెలో తిరిగే వెట్ క్లచ్ పెట్టిన ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో 280 ఇచ్చారు. ఇంజిన్ చేతకాక కాదు, క్లచ్ కోసం తగ్గించారని దాన్నిబట్టే అర్థమవుతుంది. స్టేజ్ 2 పెడితే టార్క్ 300 దాటిపోతుంది. ఆ భారంతో సాయంత్రం ఆరింటికి వీఆర్‌సీ సెంటర్ దగ్గర ఇంచీ ఇంచీ పాకుతుంటే క్లచ్ పూర్తిగా అతుక్కోదు, జారుతా కాలుతా ఉంటుంది. నేను అలవాటు చేసుకున్న పద్ధతి చెప్తా: ముందు బండికీ మనకూ మధ్య ఒక కారు పట్టేంత సందు వచ్చేదాకా బ్రేకు గట్టిగా తొక్కి ఆగాలి, సందు రాగానే బ్రేకు మీద కాలు పూర్తిగా తీసి కదలాలి. బ్రేకు మీద కాలు సగం ఆనించి పాకించొద్దు. వెనక ఆటో వాళ్లు హారన్ కొడతారు, కొట్టనీ. నా క్లచ్ నాలుగేళ్లు నిలబడింది ఈ ఒక్క అలవాటుతోనే.

ఇక వాన. ఇది బాధపడి చెప్తున్నా, జాగ్రత్తగా చదువు. మన నెల్లూరుకు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. రైల్వే అండర్ బ్రిడ్జిలు నిండిపోతాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక నవంబర్ రాత్రి నా ముందు ఒక బుల్లెట్ నీళ్లలోంచి దాటిపోయింది. మోకాటి లోతే కదా అని నేనూ దించాను. నా బండికీ స్ప్రింగులు తగ్గించి, ఓపెన్ ఫిల్టర్ బంపర్ వెనక కిందికి పెట్టించి ఉన్నారు. సగం దూరంలో ఇంజిన్ ఒక్కసారి తడబడి ఆగింది. ఆ క్షణాన నేను చేసిన తప్పేందంటే, మళ్లీ స్టార్ట్ కొట్టాను. టక్ మని ఒకే ఒక శబ్దం. గాలైతే సిలిండర్‌లో నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. షెడ్డులో విప్పి చేతిలో పెట్టారు, అంత లావు ఉక్కు కడ్డీ కొడవలి లాగా వంకర పోయి ఉంది. ఖర్చు రెండు లక్షల డెబ్బై వేలు. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి డౌన్‌పైప్, ఫిల్టర్ ఫోటోలు తీసుకుని వెళ్లాడు, వారానికి క్లెయిమ్ తిరస్కరించారు. పాలసీలో మార్పులు చెప్పలేదు కాబట్టి నేను వాదించడానికి ఏమీ మిగల్లేదు. నీళ్లలో ఆగితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, దిగి తోయించుకో. ఇది మామూలు కారుకైనా అంతే.

చట్టం సంగతి కూడా తెలుసుకో. సీ బుక్కులో ఉన్నదానికీ బండికీ తేడా వచ్చే మార్పులు కుదరవని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. సెక్షన్ 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. క్యాట్ తీసేసిన బండికి పొల్యూషన్ కేసు వేరే. పైగా నీది తమిళనాడు నంబరు. ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్పించుకునేటప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాల్సింది ఈ బండినే.

నా మాట: స్ప్రింగులు, చక్రాలు, క్యాట్, ఎయిర్ బాక్స్ అన్నీ కంపెనీవి తిరిగి పెట్టు, రీమ్యాప్ కూడా తీయించేయ్. 180 హార్స్‌పవర్ తక్కువేం కాదు, లారీని దాటేటప్పుడు నీకే తెలుస్తుంది. అమ్మ మోకాళ్లకు కూడా ఎత్తున్న సీటే సుఖం. కారు నేలకు అంటుకుని ఉంటే ఆమె దిగడానికి నువ్వు ప్రతిసారీ చెయ్యి పట్టుకుని లేపాలి. మా అమ్మతో నేను అది చూశాను.

ప్రశ్న (కావలి)

అన్నా, మీ అనుభవం చెప్పినందుకు చాలా థ్యాంక్స్. స్టాక్ (కంపెనీ) పార్టులు ఆయన దగ్గరే ఉన్నాయంట. రీమ్యాప్ తీసేస్తే ఇంజిన్‌కు ఏమన్నా అవుతుందా? ఎండాకాలం సంగతేంటి? ఆదివారం చూడటానికి పోతున్నా, ఏమేం చూడాలి?

జవాబు (సింగరాయకొండ, షెడ్డు నడుపుతాను)

బాబూ, రీమ్యాప్ తీస్తే ఏమీ కాదు. అది ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) రాత మాత్రమే, పాత ఫైలు తిరిగి ఎక్కిస్తే సరిపోతుంది. అది ఉన్నన్నాళ్లు ఎట్టా వాడారన్నదే అసలు ప్రశ్న. ఎండాకాలానికి కూడా స్టాకే మేలు. రోహిణి కార్తెలో బయటే 43, 44 ఉంటే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది) మింగే గాలి ఇంకా వేడి. పెట్రోలు ముందే అంటుకుని నాక్ కొడుతుంది (టకటకమంటుంది), ఈసీయూ టైమింగ్ (స్పార్క్ ఇచ్చే క్షణం) వెనక్కి లాగేస్తుంది. అంటే డబ్బు పెట్టి పెంచుకున్న పవర్ మే నెలలో తనంతట తానే తగ్గిపోతుంది. 95 ఆక్టేన్‌కో 100కో (నాక్‌ను ఎక్కువ తట్టుకునే పెట్రోళ్లకు) రాసిన మ్యాప్‌లో మామూలు పెట్రోలు పోస్తే ఇంకా కష్టం. ఎప్పటికైనా మళ్లీ రీమ్యాప్ చేయించాలనిపిస్తే ముందు కావలికీ నెల్లూరుకూ మధ్య నీ బంకుల్లో రోజూ ఏం దొరుకుతుందో చూసుకుని ఆ పెట్రోలుకే రాయించుకో.

ఆదివారం చూడాల్సింది ముఖ్యంగా రెండు. ఈ ఇంజిన్‌కు వాటర్ పంపు, థర్మోస్టాట్ ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఉంటాయి, అది లీకు కావడం మామూలు జబ్బు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) కింద టార్చి వేసి చూడు, గులాబీ రంగు కూలెంట్ ఎండి పొక్కు కట్టి ఉంటే లీకున్నట్టే. రెండోది క్లచ్. ఏసీ వేసి, ఎత్తు మీద నిలబెట్టి, మెల్లగా కదిలించు. వణికినా, ఒకటి నుంచి రెండో గేరుకు పోయేటప్పుడు కుదిపినా క్లచ్ సెట్ ఖర్చు బేరంలో తగ్గించుకో. ఇంజిన్ ఆయిల్ బిల్లులు అడుగు, 15,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చిన రీమ్యాప్ బండి నాకైతే వద్దు. నువ్వు కొన్నాక 7,500కే మార్చు, వీడబ్ల్యూ 502 స్పెక్ ఉన్న 5డబ్ల్యూ40 ఆయిల్. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకొకసారి తప్పదు. మనది సముద్రం పక్క ఊరు, తేమ లాగేస్తుంది.

జవాబు (నెల్లూరు, వేదాయపాళెం)

ఇంకొకటి తమ్ముడూ. ఎప్పుడైనా గట్టిగా తొక్కాలనిపిస్తే చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది, 3.7 కిలోమీటర్ల ట్రాక్. మన హైవే మీద మాత్రం వద్దు. సర్వీసు రోడ్డులోంచి వెనక లైటు లేని ట్రాక్టరు ఏ రాత్రి ఎక్కడ పైకొస్తుందో తెలియదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరు. నువ్వు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఆయనకు శనివారమే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉంటేనే తాళం తీసుకో, వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశావని అడిగి, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయ్.