రికార్డు గదిలోకి నీళ్లొస్తే ముందు ఏం చేయాలి?

రికార్డు గది:
నమస్తే అండీ. మాది చిన్న లైబ్రరీ, సిబ్బంది ఇద్దరమే. చేతిరాత రిజిస్టర్లు, ముద్రిత పుస్తకాలు, రెండు బీరువాల ఫోటోలు ఉన్నాయి. ఈమధ్య పై అంతస్తులో పైపు పగిలి రికార్డు గది గోడ ఒకవైపంతా చెమ్మెక్కింది. అరల దాకా నీళ్లు రాలేదు గానీ అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ప్లాన్ రాసుకోమని అందరూ అంటారు, చూస్తే ఒక్కోటి వంద పేజీలుంటోంది. ఇద్దరు మనుషులతో ఎక్కడ మొదలుపెట్టాలి?

పుస్తక వైద్యం:
ఒక్క పేజీతో మొదలుపెట్టండి. ఏవి ముందు బయటికి రావాలో, అవి ఏ అరలో ఉన్నాయో అందులో రాయండి. ఇంకెక్కడా ప్రతి లేనివి పైన ఉండాలి. ముద్రిత పుస్తకం ఎంత ఖరీదైనదైనా ఇంకో ప్రతి ఎక్కడో ఒకచోట దొరకవచ్చు, మీ రిజిస్టరు దొరకదు. ఈ పని ఈ వారమే కానివ్వండి.

తడిసిన పుస్తకాలు బాగుచేయడం నా పని. మంట ఆరాక కూడా మాకు మిగిలేది తడే. 2004 సెప్టెంబరులో జర్మనీలోని వైమార్‌లో అన్నా అమాలియా లైబ్రరీ తగలబడినప్పుడు సుమారు 50,000 పుస్తకాలు పోయాయి. మంటకూ, దాన్ని ఆర్పడానికి కొట్టిన నీళ్లకూ దెబ్బతిన్నవి మరో 62,000. తడిసినవాటిని లైప్‌జిగ్ తీసుకెళ్లి, గడ్డకట్టించి ఆరబెట్టారు.

గడ్డకట్టించడం దేనికంటే, వెచ్చగా తేమగా ఉన్నచోట రెండు మూడు రోజుల్లో బూజు పట్టేస్తుంది. ఆలోపు ఇద్దరు మనుషులు ఎన్నని ఆరబెడతారు? మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచితే బూజు పెరగదు, తర్వాత కొన్ని కొన్ని తీసి చూసుకోవచ్చు. కోల్డ్ స్టోరేజీ వాళ్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. అర్ధరాత్రి ఫోన్ చేసి తడి పుస్తకాలు పెట్టుకుంటారా అంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇక పట్టుకునే పద్ధతి. బాగా నానిన పుస్తకాన్ని తెరవకండి, అట్ట ఊడుతున్నా లాగకండి. రెండు చేతులూ కిందికి పోనిచ్చి ఎత్తి, ప్లాస్టిక్ ట్రేలో వెన్ను కిందికి వచ్చేలా ఒకే వరుసలో పెట్టండి. మధ్యమధ్య మైనపు కాగితం వేసి, వేలు దూరేంత వదులు ఉంచండి. అంచులు మాత్రమే తడిసినవైతే నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి ఫ్యాను గాలికి ఉంచితే చాలు. ఎండ వద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాలను కొద్ది గంటల్లోనే ఫ్రీజర్‌కి పంపేయండి. అలాగే ఆరిపోతే పేజీలన్నీ అతుక్కుపోతాయి, ఇక విడదీయలేం.

రాత్రి డ్యూటీ:
పైన అన్నీ బాగా చెప్పారు. ఒక్క విషయం, ఆ పేజీని గోడకి అంటించకండి. విలువైనవి ఎక్కడున్నాయో దొంగకి కూడా తెలిసిపోతుంది. కవర్లో పెట్టి సీల్ వేయండి. ఒక ప్రతి ఆఫీసులో, ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఫైర్ స్టేషన్‌లో ఉండాలి. నీళ్లు నిలిచిన గదిలోకి కరెంటు మెయిన్ ఆపకుండా ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆ మెయిన్ ఎక్కడుందో, రాత్రిపూట తాళాలు ఎవరి దగ్గరుంటాయో మీ ఇద్దరికీ తెలుసా?

రికార్డు గది:
మెయిన్ ఎక్కడుందో నాకు తెలుసు, మా సహోద్యోగికి తెలియదు. రేపే చూపిస్తాను. స్థలం లేక కొన్ని రిజిస్టర్ల కట్టలు నేల మీదే ఉన్నాయండీ. ఫోటోలు కూడా ఫ్రీజర్‌లోనే పెట్టాలా?

పుస్తక వైద్యం:
ఆ కట్టల్ని ముందు పైకెత్తండి. నేల నుంచి కనీసం 10 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ నగరంలోని జాతీయ గ్రంథాలయంలోకి వచ్చినప్పుడు ఎక్కువ నష్టపోయింది కింది అంతస్తుల్లో ఉన్నవే. వాటి మరమ్మతు దశాబ్దాల పాటు సాగింది.

తడిసిన ఫోటోలు ఒకదాని మీద ఒకటి ఆరిపోకుండా చూడాలి. విడదీసే వీలు వెంటనే లేకపోతే శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచండి, రెండు రోజులు దాటనివ్వకండి. తర్వాత బొమ్మ ఉన్న వైపు తాకకుండా, అది పైకి ఉండేలా పరిచి ఆరబెట్టండి. మామూలు ప్రింట్లు మరీ ఎక్కువగా ఉంటే ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. గాజు నెగెటివ్‌లు మాత్రం పెట్టకండి. బీరువాల్లో అలాంటివి ఉన్నాయా? ఉంటే వేరే పెట్టెలోకి తీసి, పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.