కాలనీలో ఉచిత హెల్త్ క్యాంపు పెట్టాలా, వద్దా?

రామంతాపూర్ వాసి

వచ్చే నెల మా కమ్యూనిటీ హాల్లో ఫ్రీ హెల్త్ క్యాంపు పెడతామని ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు అసోసియేషన్‌ని అడిగారు. కమిటీలో అందరూ సరే అన్నారు, నేనొక్కణ్ణే వద్దన్నాను. ఎందుకో చెప్తాను, మీరేమంటారో రాయండి.

పోయిన ఏడాది వేరే ఆసుపత్రి వాళ్లు ఇలాంటిదే పెట్టారు. మా అమ్మకు 64. మోకాళ్లు కాస్త పట్టేస్తాయి తప్ప పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, ముగ్గేసి, కూరగాయల బండి దాకా నడిచి వెళ్లొచ్చే మనిషి. క్యాంపులో మడమకు జెల్ రాసి ఒక చిన్న మిషన్‌లో కాలు పెట్టించారు. రెండు నిమిషాల్లో చీటీ చేతికిచ్చారు, ఎముకల గట్టిదనం చెప్పే టీ స్కోర్ మైనస్ 2.7, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. 'ఎముకలు గుల్లబారాయి, జారిపడితే తుంటి విరుగుతుంది' అన్నారట. ఆ రోజు నుంచి అమ్మ బట్టలు ఆరేయడానికి కూడా మేడ ఎక్కలేదు. మర్నాడే ఫోన్, ఆ వారంలో ఇంకో నాలుగు ఫోన్లు, ప్యాకేజీలో తగ్గింపు ఉంది రమ్మని.

మూడు నెలల తర్వాత వేరే చోట తుంటికీ నడుముకూ డెక్సా స్కాన్ (ఎక్స్‌రేతో ఎముక సాంద్రత కొలిచేది) తీయిస్తే మైనస్ 1.4 వచ్చింది. ఆ డాక్టర్ గారు చెప్పిందేమిటంటే, మడమ మిషన్ అల్ట్రాసౌండ్‌తో ఒక అంచనా మాత్రమే ఇస్తుంది, దాన్ని పట్టుకుని జబ్బు ఉందని తేల్చకూడదు, డెక్సాలో మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ వస్తే అప్పుడు ఆలోచించాలి. మరి ఆ మూడు నెలలు భయంతో కదలకుండా కూర్చున్న అమ్మకు కాళ్లలో సత్తువ తగ్గింది. అందుకే వద్దంటున్నా.

నాచారం అమ్మాయి

అన్నా, అమ్మగారి సంగతి చదివితే బాధేసింది. కానీ క్యాంపే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

మా నాన్న ఆటో నడుపుతాడు. 52 ఏళ్లొచ్చినా ఎప్పుడూ బీపీ చూపించుకోలేదు, చూపించుకో నాన్నా అంటే 'నాకేమైంది' అనేవాడు. మా గల్లీ చివర గుడి దగ్గర టెంటు వేసిన రోజు సవారీని దింపి వస్తూ, ఊరికే కదా అని చెయ్యి చాచాడు. 190/110. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసినా దాదాపు అంతే. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఏమీ లేదు. ఇప్పుడు రోజూ గోళీ వేసుకుంటున్నాడు, పోయిన వారం చూస్తే 134/84. ఆ రోజు టెంటు లేకపోతే ఎప్పటికి తెలిసేదో నాకు తలచుకోవడానికే భయం. సర్కారు వాళ్ల బస్తీ దవాఖానాకి పోవచ్చు కదా అంటారు. అది పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా. ఆ టైమ్‌లో ఆటో పక్కన పెడితే ఆ రోజు సంపాదన పోయినట్టే.

మల్కాజిగిరి సిస్టర్

నేను ఇరవై ఏళ్లుగా నర్సుని, ఇలాంటి క్యాంపుల్లో బల్ల ముందు చాలాసార్లు కూర్చున్నదాన్ని. తమ్ముడూ, గొడవంతా క్యాంపు ఎలా జరుగుతుందన్న దగ్గరే ఉంది.

లైన్లో వంద మంది ఉంటారు. ఎండలో నడిచొచ్చిన మనిషికి అప్పటికప్పుడు, చొక్కా చెయ్యి బిగుతుగా పైకి మడిచి, పక్కాయనతో మాట్లాడుతుండగానే పట్టీ చుట్టేస్తారు. అలా చూస్తే లేని బీపీ కూడా వస్తుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్టు వద్దు. ఒంటేలు ఆపుకొని కూర్చోవద్దు. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఒక్క రోజు 150 వచ్చిందని జీవితాంతం గోళీలని కాదు, వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 తగ్గకపోతే అప్పుడు బీపీ అంటాం. అదే 180/120 దాటి, ఛాతీ నొప్పో మాట తడబాటో ఉంటే మాత్రం క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

షుగర్ కూడా అంతే. గంట క్రితం నాలుగు ఇడ్లీలు తిని వచ్చి వేలు గుచ్చించుకుని 160 అనగానే టెన్షన్ పడతారు. అది చూసి ఏదీ చెప్పలేం. పరగడుపున 126 లేదా ఆపైన రావాలి, లేదంటే మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన ఉండాలి, ఏ లక్షణాలూ లేని మనిషికైతే అది కూడా రెండోసారి చేసి చూడాలి. ఆ రక్త పరీక్షకు డబ్బు పెట్టాల్సిన పని లేదు, బస్తీ దవాఖానాలోనే శాంపిల్ తీసుకుంటారు. 30 దాటిన వాళ్లకు బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు సర్కారు కార్యక్రమంలోనే ఉన్నాయి. ఇది చాలామందికి తెలియదు.

కూకట్‌పల్లి ట్రెజరర్

షామియానా, కుర్చీలు, బ్యానర్, అన్నీ ఆసుపత్రి వాళ్లే పెట్టుకుంటారు. వాళ్లను వద్దంటే ఆ ఖర్చు ఎవరు పెడతారండీ? మా దగ్గర మెయింటెనెన్స్ వసూలు చేయడానికే తల ప్రాణం తోకకొస్తోంది.

హబ్సిగూడ గృహిణి

మా క్యాంపులో ఒకాయన మైకు పట్టుకుని 'అన్నం మానేసి చపాతీ తినండి' అని చెప్పి వెళ్లిపోయాడు. మా అత్తయ్య అప్పటి నుంచి రాత్రిపూట ఐదు చపాతీలు తింటున్నారు, పక్కన ఆవకాయ. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు చూడండి, రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు. అంటే కంచంలో ముందు కూర పెరగాలి, ఏ గింజ అన్నది ఆ తర్వాతి మాట. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పచ్చడి, అప్పడం, వడియాలు కలిస్తే మనం ఎక్కడ ఉంటామో చెప్పేవాళ్లు ఒక్క క్యాంపులోనూ నాకు కనపడలేదు.

రామంతాపూర్ వాసి

అందరివీ రెండేసి సార్లు చదివాను. నాచారం చెల్లీ, మీ నాన్నగారి విషయం చదివాక 'వద్దు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కమిటీకి ఇలా చెప్తాను. క్యాంపు మనమే పెట్టుకుందాం. బీపీ మిషన్లు రెండు కొంటే చాలు, ట్రెజరర్ గారూ, మా వినాయక చవితి పందిరి ఖర్చుతో పోలిస్తే ఇది ఏ మూలకూ రాదు. ఆసుపత్రి వాళ్లు డాక్టర్‌ని పంపిస్తామంటే రానిద్దాం, కానీ మడమ మిషన్ వద్దు, ఫోన్ నంబర్లు వాళ్లు రాసుకోవద్దు, రిజిస్టర్ అసోసియేషన్ దగ్గరే ఉంటుంది. ఎక్కువ వచ్చిన వాళ్లను వారం తర్వాత ఒకసారి, ఇంకో వారానికి మరోసారి పిలిచి చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే తోడు వెళ్లి దవాఖానాలో చూపిద్దాం. పోయిన ఏడాది ఎంతమందికి బీపీ ఉందని తేలింది, వాళ్లలో ఎవరు మందులు వాడుతున్నారు అని అడిగితే మా కమిటీలో ఒక్కరికీ తెలియదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

సిస్టర్, మీకు వీలైతే ఒక్క ఆదివారం వచ్చి మా పిల్లలకు బీపీ సరిగ్గా చూడటం నేర్పుతారా?

మల్కాజిగిరి సిస్టర్

వస్తాను తమ్ముడూ. చేతులున్న కుర్చీలు, ఒక బల్ల ఉంచండి. పట్టీలు రెండు సైజుల్లో తెప్పించండి, లావు చేతికి చిన్న పట్టీ వేస్తే ఎక్కువ చూపిస్తుంది.

నాచారం అమ్మాయి

అన్నా, ఒక్క మాట. టైమ్ 10 గంటలకు పెట్టకండి. వాచ్‌మన్లు, ఇళ్లలో పనికొచ్చే అక్కలు, ఆటోవాళ్లు అప్పుడు రాలేరు.

రామంతాపూర్ వాసి

పొద్దున 6కి హాల్ తాళం నేనే తీస్తాను. మీ నాన్నగారిని కూడా తీసుకురా చెల్లీ.