ఉల్లిలోనూ కొర్రలోనూ పసుపు కాలనీల పాంటోయియా: జాతి పేరు ఎలా ఖాయం చేస్తున్నారు?

సూక్ష్మలోకం: అందరికీ నమస్కారం. మధ్య ఆకులు తెల్లబడి వాలిపోయిన ఉల్లి మొక్కల నుంచి, మచ్చలు పడ్డ కొర్ర ఆకుల నుంచి బ్యాక్టీరియాను వేరు చేశాను. రెండింట్లోనూ పసుపు కాలనీలే. గ్రామ్ నెగెటివ్, ఆక్సిడేజ్ నెగెటివ్, గాలి లేకపోయినా పెరుగుతున్నాయి. 16ఎస్ (బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి వాడే జన్యువు) సీక్వెన్స్ చేయిస్తే పాంటోయియా అనే ప్రజాతి అని తేలింది కానీ, జాతి దగ్గరికొచ్చేసరికి మూడు నాలుగు పేర్లు ఇంచుమించు సమానంగా వస్తున్నాయి. రిపోర్టులో ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

గడ్డకుళ్ళు: గాలి లేకుండా పెరిగిందంటే జాంథోమోనాస్ అనే ఇంకో పసుపు బ్యాక్టీరియా కాదు. పసుపు రంగు చూడగానే చాలామంది అటే వెళ్తారు, మీకు ఆ అనుమానం తీరిపోయింది. ఉల్లి మధ్య ఆకు కుళ్ళులో అనానాటిస్, ఆగ్లోమెరాన్స్, అల్లీ అనే పాంటోయియా జాతులు మూడూ దొరుకుతాయి. ముందు ఇండోల్ పరీక్ష (బ్యాక్టీరియా ఇండోల్ అనే పదార్థం తయారుచేస్తుందో లేదో చూసేది) చేయండి. అనానాటిస్ పాజిటివ్, ఆగ్లోమెరాన్స్ నెగెటివ్.

జన్యుపటం: ఇండోల్‌తో ఆగితే మీ విషయంలో సరిపోదండీ. స్టివార్టీ అనే ఇంకో పాంటోయియా జాతిలోని ఇండోలోజెనెస్ ఉపజాతి కూడా పాజిటివే, అది ఉల్లికీ చిరుధాన్యాలకీ రెండింటికీ వస్తుంది. పాంటోయియాలో జాతుల్ని విడదీసేంత తేడా 16ఎస్‌లో ఉండదు. జైర్‌బి, ఆర్‌పీఓబి, ఏటీపీడి, ఇన్‌ఎఫ్‌బి జన్యువుల సీక్వెన్సులు కలిపి వంశవృక్షం గీయండి. మొత్తం జీనోమ్ చేయించగలిగితే ఏఎన్ఐ (రెండు జీనోములు సగటున ఎంత శాతం ఒకేలా ఉన్నాయో చెప్పే లెక్క) చూడండి. 95–96 శాతం దాటితే ఒకే జాతి అని లెక్క.

సూక్ష్మలోకం: ఉల్లి, కొర్ర స్ట్రెయిన్లు రెండూ ఇండోలోజెనెస్ అని తేలితే ఒకే పేరు పెట్టేయొచ్చా?

జన్యుపటం: ఉపజాతి పేరు ఒకటే, పాథోవార్ (ఏ మొక్కలకి సోకుతుందో దాన్నిబట్టి ఇచ్చే పేరు) వేరు కావచ్చు. 2021లో దీన్ని రెండుగా విడదీశారు. ఉల్లి జాతి మొక్కలకీ చిరుధాన్యాలకీ సోకేది సెపాసికోలా, ఉల్లిని వదిలేసి కొర్ర, సజ్జ లాంటి వాటికే సోకేది సెటారియే. సీక్వెన్స్ ఎంత బాగున్నా, మొక్కకి ఎక్కించి చూడకుండా పాథోవార్ పేరు రాయకూడదు. ఉల్లి స్ట్రెయిన్‌ని కొర్ర మీద, కొర్ర స్ట్రెయిన్‌ని ఉల్లి మీద తప్పకుండా పరీక్షించండి.

విత్తనపరీక్ష: మొక్కలు పెరిగేదాకా ఆగలేకపోతే ఎర్ర ఉల్లి పొర పరీక్షతో మొదలుపెట్టండి. పొరని శుభ్రం చేసి, చిన్న గాటు పెట్టి, బ్యాక్టీరియా ద్రావణం ఒక చుక్క వేసి, తేమ ఉన్న డబ్బాలో మూత పెట్టి ఉంచండి. ఉల్లిని చంపగల అనానాటిస్ అయితే మూడు నాలుగు రోజుల్లో గాటు చుట్టూ ఎర్ర రంగు పోయి గుంట పడుతుంది. నీళ్ల చుక్క వేసిన పొర పక్కనే పెట్టుకోండి. ఇండోలోజెనెస్‌కి మాత్రం మొక్క మీద ఫలితం కూడా చూశాకే నిర్ణయానికి రండి.

గడ్డకుళ్ళు: అనానాటిస్ విషయంలో దీని వెనకున్న జన్యువులు కూడా తెలుసు. హైవిర్ అనే జన్యు సమూహం పాంటాఫాస్ అనే విషం తయారుచేయిస్తుంది, ఉల్లి కణజాలం చచ్చిపోయేది దానివల్లే. ఉల్లి తనని కాపాడుకోవడానికి వదిలే ఘాటైన గంధక పదార్థాలని తట్టుకునే జన్యువులు ఇంకో చోట ఉంటాయి. ఈ రెండూ అన్ని స్ట్రెయిన్లలో ఉండవు. ఏ తెగులూ లేని కలుపు మొక్కల మీద కూడా అనానాటిస్ హాయిగా బతుకుతుంది. అందుకే జాతి పేరు చూసి ఉల్లికి ప్రమాదం అని చెప్పడం నాకు అస్సలు నచ్చదు. హైవిర్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష ఫలితం కూడా పక్కన రాస్తే చదివేవాళ్లకి నిజంగా ఉపయోగం.

పాతపేర్లు: పాత పేపర్లు వెతికేటప్పుడు ఎర్వినియా అనానాస్, ఎర్వినియా యురెడోవోరా అని కూడా వెతకండి. మొదటిది 1928లో అనాస మీద వర్ణించినది, రెండోది గోధుమ తుప్పు తెగులు బొబ్బల్లో దొరికినది. 1993లో రెండింటినీ ఒక్కటి చేసి పాంటోయియాలో కలిపారు. ధాన్యపు పంటల సమాచారం చాలావరకు ఆ పాత పేర్ల కిందే ఉంది.

సూక్ష్మలోకం: చాలా థాంక్స్ అండీ. నాలుగు జన్యువులకీ ప్రైమర్లు ఆర్డర్ పెడుతున్నాను. కొర్ర స్ట్రెయిన్‌ని ఉల్లి పొర మీద ఈ రోజే వేస్తున్నా. రిపోర్టులో ప్రస్తుతానికి "పాంటోయియా, జాతి ఇంకా తేలలేదు" అని రాస్తాను.

జన్యుపటం: అలాగే రాయండి. స్ట్రెయిన్లని గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి, ఏ మొక్క నుంచి తీశారో లేబుల్ మీద తప్పకుండా ఉండాలి.