ఎవరైనా మెచ్చుకుంటే ఏమనాలి?

మాది హనుమకొండ. శరన్నవరాత్రులకు భద్రకాళి గుడిలో మా భజన బృందంతో పాడుతుంటాను. హారతి అయ్యాక పెద్దవాళ్లు నా రెండు చేతులు పట్టుకుని "నీ గొంతుల అమ్మవారే పలుకుతున్నది బిడ్డా" అంటారు. నాకు టెన్షన్ మొదలవుతుంది. "అయ్యో, నాదేముంది" అంటే వాళ్ల ముఖం చిన్నబోతుంది. అంత ప్రేమగా అన్న మాటను తోసేసినట్టే కదా!

మన బమ్మెర పోతన, తాను పలికేది భాగవతమైతే పలికించేవాడు రామభద్రుడన్నాడు. నేనూ మనసారా అదే నమ్ముతాను. కానీ ప్రతిసారీ పైకి అంటే వినయాన్ని చూపించుకుంటున్నట్టు ఉంటుంది (నాకైతే అది గర్వం కన్నా నచ్చదు). "సంతోషమమ్మా, అంతా అమ్మ దయ" అని దండం పెడితే సరిపోతుందా? గుళ్లలో పాడేవాళ్లు, హరికథలు, ఒగ్గుకథలు చెప్పేవాళ్లు దయచేసి చెప్పండి: వచ్చిన మెప్పును మనసులో దేవుడికి ఎలా అప్పజెబుతారు?